మాక్రోఫేజ్‌లో ఇన్‌ఫ్లమేషన్ దానంతటదే చల్లారదు

మాక్రోఫేజ్‌లంటే సూక్ష్మజీవులను మింగి చంపే, ఇన్‌ఫ్లమేషన్ (వాపు) లేపే రోగనిరోధక కణాలు. ల్యాబ్‌లో వాటి మీద ఏదో ఒక మొక్క సారం పోస్తారు. గంటో రెండు గంటలో ఆగి ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం కలుపుతారు. 24 గంటల తర్వాత పైద్రవంలో, వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ ఎంతుందో కొలుస్తారు. తగ్గితే ఆ మొక్క ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ అయిపోతుంది. మన దగ్గర ఈ పద్ధతిలో చేసే థీసిస్‌లకు కొదవ లేదు. అందులోని ఒక వాక్యం మందు సీసా లేబుల్ మీదికి, అక్కణ్నుంచి వాట్సాప్‌లోకి చేరిపోతుంది. నాకు మొక్కలతో పేచీ లేదు, నా పేచీ ఆ ఒక్క అంకెతో. కణం స్పందించలేకపోయినా, స్పందించి త్వరగా ఆపేసినా, సారం ఘాటుకు చచ్చిపోయినా 24వ గంటకు కనిపించేది ఒకటే: టీఎన్‌ఎఫ్ తక్కువ. మూడూ మూడు వేర్వేరు సంగతులు. రోగి విషయానికొస్తే మూడింటి ఫలితాలూ వేరు.

మాక్రోఫేజ్‌లో ఇన్‌ఫ్లమేషన్ ఎంత ఎత్తుకు లేచిందనేది సగం కథే. ఎప్పుడు ఆగింది, ఏది ఆపింది అన్నది మిగతా సగం, నా దృష్టిలో పెద్ద సగం. బ్యాక్టీరియా పోయింది కాబట్టి వాపు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఆపడానికి విడిగా ప్రొటీన్లు కావాలి, వాటిని తయారు చేయాలి, అవి సరైన వేళకు అందాలి. వాటిని తయారు చేయించేది కూడా మొదట ఇన్‌ఫ్లమేషన్‌ను లేపిన సిగ్నలే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోకపోతే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే ప్రమాద స్థితి) మందులు ఎందుకు విఫలమయ్యాయో, కోవిడ్‌లో స్టెరాయిడ్ కొందరికి ప్రాణం పోసి మరికొందరికి ఎందుకు పనికిరాలేదో అర్థం కాదు.

మొదటి గంటను దగ్గరగా చూద్దాం. ఎల్‌పీఎస్ అంటే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పైపొరలో ఉండే, కొవ్వూ చక్కెరా కలిసిన పెద్ద అణువు. సీరంలోని ఎల్‌బీపీ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని మాక్రోఫేజ్ పైన ఉండే సీడీ14కు ఇస్తుంది, సీడీ14 దాన్ని టీఎల్‌ఆర్4–ఎండీ2 అనే రిసెప్టర్ జంటకు అందిస్తుంది. ఎల్‌పీఎస్‌ను గుర్తుపట్టేది టీఎల్‌ఆర్4 అని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది. ఎల్‌పీఎస్‌కు చలించని సీ3హెచ్/హెచ్‌ఈజే అనే ఎలుకల జాతిలో ఈ ప్రొటీన్ 712వ స్థానంలో ఉండాల్సిన ప్రోలీన్ బదులు హిస్టిడిన్ ఉంది. ఒక్క అమైనో ఆమ్లం మారితే మొత్తం స్పందన పోయింది.

అక్కణ్నుంచి కణం లోపల మైడీ88, ఐరాక్ ప్రొటీన్లు, ట్రాఫ్6, టాక్1, ఐకేకే వరసగా కదులుతాయి. ఐకేకే చేసే పని చాలా నిర్దిష్టం. ఐ-కప్పా-బి-ఆల్ఫా అనే ప్రొటీన్ మీద 32, 36 స్థానాల్లోని సెరీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అంతవరకు ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్‌ను కేంద్రకంలోకి పోనీయకుండా పట్టి ఉంచింది ఇదే. ఫాస్ఫేట్ తగిలిన 15 – 30 నిమిషాల్లో అది, కణంలో ప్రొటీన్లను కోసే ప్రోటియాసోమ్‌లో ముక్కలైపోతుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది.

ఆ మొదటి విడతలో మేల్కొనే జన్యువులు ఏవి? టీఎన్‌ఎఫ్ ఉంది, నిజమే. దానితో పాటే ఇప్పుడే ముక్కలైన ఐ-కప్పా-బి-ఆల్ఫా జన్యువు కూడా ఉంది. ఏ20 ఉంది. టీటీపీ ఉంది. డస్ప్1 ఉంది. ఈ నాలుగూ బ్రేకులే. అంటే వాపును పెంచే అణువుకూ దాన్ని ఆపే అణువులకూ ఆర్డర్ ఒకే అరగంటలో వెళ్తోంది. కొత్తగా తయారైన ఐ-కప్పా-బి-ఆల్ఫా సుమారు 60 నిమిషాలకు తిరిగి కనిపిస్తుంది. కేంద్రకంలోకి పోయి ఎన్‌ఎఫ్-కప్పా-బిని డీఎన్‌ఏ నుంచి పీకి బయటికి లాక్కొస్తుంది. పైన సిగ్నల్ ఇంకా ఉంటే మళ్లీ ముక్కలవుతుంది, మళ్లీ తయారవుతుంది. టీఎన్‌ఎఫ్‌తో ప్రేరేపించిన కణాల్లో ఈ రాకపోకలు సుమారు 100 నిమిషాలకొకసారి జరగడాన్ని సూక్ష్మదర్శిని కింద ప్రత్యక్షంగా చూశారు. ఒక్కసారి కొలిచి వదిలేస్తే అలలో ఏ చోట చెయ్యి పెట్టామో మనకే తెలియదు.

ఏ20 పని ఇంకా పైన. ట్రాఫ్6, రిప్‌కే1 లాంటి ప్రొటీన్ల మీద కట్టిన యూబిక్విటిన్ గొలుసులు సిగ్నల్ ముందుకు పోవడానికి వేదికలాంటివి. ఏ20 ఆ గొలుసులను తెంపుతుంది. ఏ20 లేకుండా పుట్టించిన ఎలుకలు 2000లో వచ్చాయి. అవి కొద్ది వారాల్లోనే అనేక అవయవాల్లో వాపుతో చనిపోయాయి. టీఎన్‌ఎఫ్‌ను కూడా తీసేసి చూశారు, అయినా వాపు ఆగలేదు. తర్వాత తేలిందేమిటంటే పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా నుంచి వచ్చే సిగ్నల్ చాలు, బ్రేకు లేని ఒంట్లో రోగం పుట్టడానికి. మనుషుల్లో ఏ20 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడినా చిన్నతనం నుంచే నోట్లో, జననాంగాల మీద పుండ్లు, జ్వరాలు వస్తాయని 2016లో వెల్లడైంది. ఆ పిల్లలకు కొత్త సూక్ష్మజీవి ఏదీ సోకలేదు. మనందరికీ రోజూ తగిలే సిగ్నలే వాళ్లకూ తగిలింది. అది ఆగలేదు, అంతే.

టీటీపీ సంగతి మరీ ముచ్చటగా ఉంటుంది. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు నకలు) చివర ఏ, యూ అక్షరాలు గుంపుగా ఉండే భాగం ఉంది. టీటీపీ అక్కడ అతుక్కుని ఆ ఎంఆర్‌ఎన్‌ఏను ఛిద్రం చేయించే యంత్రాంగాన్ని పిలుస్తుంది. మరి టీటీపీ మొదటి గంటలోనే తయారవుతుంటే టీఎన్‌ఎఫ్ అసలెలా పెరుగుతోంది? ఎల్‌పీఎస్ సిగ్నల్ మరో దారిలో పీ38 అనే కైనేజ్‌ను (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌ను) కూడా లేపుతుంది. పీ38, దాని కింద ఉండే ఎంకే2 కలిసి టీటీపీ మీద 52, 178 స్థానాల సెరీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ టీటీపీ పోగుపడుతుంది కానీ పనిచేయదు. కాసేపటికి డస్ప్1 వచ్చి పీ38ను ఆపేస్తుంది. అప్పుడు టీటీపీ మీది ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, అప్పటికే పోగుపడి ఉన్న టీటీపీ అంతా ఒక్కసారిగా పనిలోకి దిగి టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏను తుడిచేస్తుంది. ఆ రెండు సెరీన్లను అలనిన్లుగా మార్చి ఫాస్ఫేట్ తగలకుండా చేసిన ఎలుకలు ఎల్‌పీఎస్‌కు తక్కువ టీఎన్‌ఎఫ్ చేస్తాయి. టీటీపీ అసలే లేని ఎలుకలు చిక్కిపోయి, చర్మం పాడై, కీళ్లు వాచి బాధపడతాయి. వాటికి చిన్నప్పటి నుంచే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఆ బాధలు చాలావరకు రావు.

ఎంఆర్‌ఎన్‌ఏ నిలకడ మీద పనిచేసే మందు ఒకటి మన ప్రాంతానికి పాతదే. కుష్ఠువ్యాధి రోగుల్లో ఎర్రటి గడ్డలతో, జ్వరంతో వచ్చే ఈఎన్‌ఎల్ రియాక్షన్‌కు థాలిడమైడ్ పనిచేస్తుందని జెరూసలేంలో యాకబ్ షెస్కిన్ గమనించి 1965లో ప్రచురించారు. ఎందుకు పనిచేస్తుందో తేలడానికి పాతికేళ్లు పట్టింది: మోనోసైట్లలో (రక్తంలో ఉండే, మాక్రోఫేజ్‌లుగా మారగల కణాల్లో) టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా నశించేలా అది చేస్తుంది. గర్భిణులకు ఇస్తే బిడ్డకు జరిగే ఘోరం అందరికీ తెలిసిందే కాబట్టి గట్టి కట్టుబాట్ల మధ్యనే ఇవ్వాలి.

ఇక పీ38 దగ్గరికి తిరిగి వద్దాం, ఎందుకంటే నా వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. పీ38 టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏను కాపాడుతోంది కదా, దాన్ని అడ్డుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ తగ్గాలి. పెద్దపెద్ద కంపెనీలు 2000 దశకంలో దీని వెంట పడ్డాయి. పరీక్షనాళికలో టీఎన్‌ఎఫ్ బ్రహ్మాండంగా తగ్గింది. రోగుల్లో మొదటి వారంలో, రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ పడిపోయింది. ఆ తర్వాత కొన్ని వారాల్లో, మందు వేసుకుంటుండగానే, సీఆర్‌పీ తిరిగి లేచి మొదటి స్థాయి దగ్గరికి వచ్చేసింది. పామాపిమోడ్, ఎస్‌సీఐఓ-469, వీఎక్స్-702 అనే పీ38 మందులు ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. దీనికి బలమైన వివరణ ఒకటి ఉంది. పీ38 కింద ఎంఎస్‌కే1, ఎంఎస్‌కే2 అనే కైనేజ్‌లున్నాయి. మాక్రోఫేజ్‌లో, వాపును అణచే ఐఎల్-10 అనే ప్రొటీన్‌ను, డస్ప్1ను తయారు చేయించేవి అవే. అవి రెండూ లేని ఎలుకలకు ఎల్‌పీఎస్ ఇస్తే టీఎన్‌ఎఫ్ మామూలు కంటే ఎక్కువ వస్తుంది. పైగా పీ38 మామూలుగా టాక్1ను కూడా అదుపు చేస్తుంటుంది. పీ38ను అడ్డుకున్నవాళ్లు యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకు తీగలను కూడా కోశారు. 24 గంటల ప్రయోగంలో ఇది ఎప్పటికీ కనిపించదు.

ఐఎల్-10 ఆలస్యంగా వచ్చే బ్రేకు. మాక్రోఫేజ్ టీఎన్‌ఎఫ్ మొదట చేసి, కొన్ని గంటల తర్వాత ఐఎల్-10 చేస్తుంది. అది తన మీదే ఉన్న రిసెప్టర్‌కు అతుక్కుని జాక్1, టిక్2 ద్వారా స్టాట్3ను లేపుతుంది. స్టాట్3 కేంద్రకంలోకి పోయాక, వాపును పెంచే టీఎన్‌ఎఫ్, ఐఎల్-12, ఐఎల్-6 జన్యువులు అణిగిపోతాయి. ఇక్కడో చిక్కుముడి ఉంది. ఐఎల్-6 కూడా స్టాట్3నే లేపుతుంది. మరి ఐఎల్-6 ఎందుకు వాపును అణచదు?

తేడా అణువులో లేదు, వ్యవధిలో ఉంది. స్టాట్3 లేవగానే సాక్స్3 అనే ప్రొటీన్ తయారవుతుంది. ఐఎల్-6 రిసెప్టర్‌లోని జీపీ130 మీద సాక్స్3 కూర్చోడానికి సరిపడే చోటుంది, కాబట్టి అది కూర్చుని సిగ్నల్‌ను కోసేస్తుంది. ఐఎల్-10 రిసెప్టర్‌లో అలాంటి చోటు లేదు, అందుకని స్టాట్3 గంటల తరబడి నిలిచి ఉంటుంది. సాక్స్3 లేని మాక్రోఫేజ్‌లకు ఐఎల్-6 ఇచ్చి చూశారు 2003లో. ఆ కణాల్లో ఐఎల్-6 అచ్చం ఐఎల్-10లా టీఎన్‌ఎఫ్‌ను అణచింది. సిగ్నల్ అదే, కణం అదే, నిలిచిన సమయం ఒక్కటి మారింది, ఫలితం తిరగబడింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇదే.

ఐఎల్-10 లేని ఎలుకలకు పెద్దపేగు వాస్తుందని 1993లో తెలిసింది. అవే ఎలుకలను సూక్ష్మజీవులు లేని గదిలో పెంచితే పేగు బాగానే ఉంటుంది. 2009లో పసిపిల్లల్లో ఐఎల్-10 రిసెప్టర్ జన్యు లోపాలు దొరికాయి. పుట్టిన కొద్ది నెలలకే నెత్తుటి విరేచనాలు, మలద్వారం చుట్టూ ఫిస్టులాలు, ఏ మందుకూ లొంగని బాధ. ఎముక మజ్జ మార్పిడి చేస్తే తగ్గింది. 2014లో ఎలుకల్లో ఇంకాస్త నిక్కచ్చిగా చూశారు. పేగు మాక్రోఫేజ్‌లలో ఐఎల్-10 తయారీని తీసేస్తే పెద్దగా ఏమీ కాలేదు, వేరే కణాలు దాన్ని అందించాయి. అదే మాక్రోఫేజ్‌లలో ఐఎల్-10 రిసెప్టర్‌ను తీసేస్తే మాత్రం పేగు వాచిపోయింది. ఆపమనే కబురు ఎవరు పంపినా పర్లేదు, మాక్రోఫేజ్ చెవిన పడాలి.

మరి ఐఎల్-10నే ఇంజెక్షన్‌గా ఇస్తే సరిపోదా? క్రోన్స్ వ్యాధిలో ఇచ్చి చూశారు, ఫలితం నిరాశే. పేగు గోడకు చేరేది తక్కువ, మోతాదు పెంచితే, వాపును పెంచే ఇంటర్‌ఫెరాన్-గామా పెరిగి ఎదురు తిరిగింది. 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు కొద్ది ఎల్‌పీఎస్ ఎక్కించి చేసిన పరీక్ష ఇంకో సంగతి చూపింది. ఎల్‌పీఎస్‌కు కొద్ది నిమిషాల ముందు ఇచ్చిన ఐఎల్-10 టీఎన్‌ఎఫ్‌ను బాగా తగ్గించింది. గంట తర్వాత ఇస్తే ఆ ప్రభావం చాలావరకు పోయింది.

ఈ గంట తేడాయే సెప్సిస్ మందుల కొంప ముంచింది. 1987లో బబూన్ కోతులకు ప్రాణాంతకమైన మోతాదులో బ్యాక్టీరియా ఎక్కించి, టీఎన్‌ఎఫ్ యాంటీబాడీ ఇచ్చారు. బ్యాక్టీరియాకు 2 గంటల ముందు ఇస్తే పూర్తి రక్షణ. గంట ముందు ఇస్తే షాక్ తగ్గింది కానీ అవయవాలు దెబ్బతినడం ఆగలేదు. మనిషికి ఎల్‌పీఎస్ ఎక్కిస్తే రక్తంలో టీఎన్‌ఎఫ్ సుమారు 90 నిమిషాలకు శిఖరానికి చేరి, కొన్ని గంటల్లో దిగిపోతుంది. సెప్సిస్ రోగి ఐసీయూకు వచ్చేది జ్వరం మొదలైన ఏ రెండో రోజో. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక గ్యాస్ తగ్గించినట్టే. 1996లో టీఎన్‌ఎఫ్‌ను పట్టేసే ఒక ప్రొటీన్‌ను 141 మంది సెప్టిక్ షాక్ రోగుల్లో పరీక్షిస్తే, ప్లసిబో తీసుకున్నవాళ్లలో 30 శాతం, చిన్న మోతాదువాళ్లలో 30 శాతం, మధ్య మోతాదువాళ్లలో 48 శాతం, పెద్ద మోతాదువాళ్లలో 53 శాతం మంది చనిపోయారు. మోతాదు పెరిగేకొద్దీ చావులు పెరిగాయి.

ఎందుకంటే అప్పటికి ఆ రోగుల మాక్రోఫేజ్‌లు, మోనోసైట్లు చాలావరకు రెండో దశలో ఉంటాయి. ఎల్‌పీఎస్ ఒకసారి తగిలిన కణానికి మర్నాడు మళ్లీ ఇస్తే టీఎన్‌ఎఫ్ పదో వంతు కూడా రాకపోవచ్చు. దీన్ని ఎండోటాక్సిన్ టాలరెన్స్ అంటారు. కణం అలసిపోయిందని చెబితే సరిపోదు. 2007లో రస్లాన్ మెజిటోవ్ బృందం చూపినట్టు, రెండోసారి ఎల్‌పీఎస్ తగిలినప్పుడు టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి ఒంటికి హాని చేయగల జన్యువుల దగ్గర క్రొమాటిన్ (డీఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసిన చుట్ట) మూసుకుని ఉంటుంది. సూక్ష్మజీవులను చంపే జన్యువులు మాత్రం తెరుచుకునే ఉంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ పనిచేస్తాయి. ఎంపిక చేసుకుని మూసే పద్ధతి అది. సెప్సిస్‌లో ఇదే శృతి మించితే సూక్ష్మజీవి ముక్కలను ఇతర రోగనిరోధక కణాలకు చూపే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ మోనోసైట్ల మీద పడిపోతుంది, రోగి ఆస్పత్రిలోనే కొత్త ఇన్‌ఫెక్షన్‌కు బలవుతాడు. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు టీఎన్‌ఎఫ్‌ను ఇంకా లాగేయడం ఏ రకంగానూ మేలు చేయదు.

కోవిడ్ కాలంలో మనం కళ్లారా చూసిందీ ఇదే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ రోజుకు 6 మి.గ్రా. చొప్పున, గరిష్టంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం లాభమే లేదు. మందు తీసుకున్నవాళ్లలో 17.8 శాతం, తీసుకోనివాళ్లలో 14.0 శాతం మరణాలు. ఆ తేడా గణాంకపరంగా ఖాయం కాకపోయినా, హాని జరిగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. మాక్రోఫేజ్ లోపల డెక్సామెథసోన్ చేసే పనుల్లో ముఖ్యమైనవి మనం పైన చూసిన బ్రేకులే: డస్ప్1ను పెంచుతుంది, టీటీపీని పెంచుతుంది, గిల్జ్ అనే మరో ప్రొటీన్‌తో ఎన్‌ఎఫ్-కప్పా-బిని అదుపు చేస్తుంది. మొదటి వారంలో వైరస్ పెరుగుతున్నప్పుడు అవే బ్రేకులు, వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ స్పందన మీదా పడతాయి. 2021 రెండో వేవ్‌లో జ్వరం వచ్చిన రెండో రోజే ఇంట్లో డెక్సా, మెడ్రోల్ లాంటి స్టెరాయిడ్లు మింగినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది. షుగర్ అదుపులో లేని ఒంట్లో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ పడితే మాక్రోఫేజ్, న్యూట్రోఫిల్ రెండూ బూజు బీజాలను చంపలేవు. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని బ్లాక్ ఫంగస్ రోగుల కోసమే కేటాయించాల్సి వచ్చింది. మందులో తప్పు లేదు, వేళ తప్పింది.

టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఇవాళ ఆర్థరైటిస్‌లో, క్రోన్స్‌లో, సోరియాసిస్‌లో లక్షలమందికి నడక, నిద్ర తిరిగి ఇచ్చాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఊపిరితిత్తుల్లో క్షయ క్రిములను గ్రాన్యులోమా అనే కణాల ముద్దలో బంధించి ఉంచాలంటే మాక్రోఫేజ్‌కు టీఎన్‌ఎఫ్ కావాలి. ఈ మందుల్లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొదలుపెట్టాక క్షయ బయటపడిన 70 మంది వివరాలు 2001లో ప్రచురితమయ్యాయి. వారిలో సగం మందికి సుమారు 12 వారాల్లోపే, 40 మందికి ఊపిరితిత్తుల బయట. భారతదేశంలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో క్షయ ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు జాతీయ సర్వే చెప్పింది. కాబట్టి ఇక్కడ ఈ మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ ఇన్‌ఫెక్షన్‌ను పట్టే మాంటూ (చర్మం మీద చేసేది) లేదా ఇగ్రా (రక్తంతో చేసేది) పరీక్ష మొక్కుబడి వ్యవహారం కాకూడదు. రోగి అప్పటికే స్టెరాయిడ్ మీద ఉంటే మాంటూ తప్పుగా నెగటివ్ రావచ్చు. పాజిటివ్ వస్తే, ముందు చురుకైన క్షయ లేదని నిర్ధారించుకుని, ఐసోనియజిడ్ 6 నెలలు గానీ, ఐసోనియజిడ్-రిఫాపెంటిన్ వారానికొకసారి 12 డోసులు గానీ మొదలుపెడతారు. సాధారణంగా కనీసం ఒక నెల గడిచాకే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇస్తారు. ఐఎల్-6 రిసెప్టర్‌ను అడ్డుకునే టోసిలిజుమాబ్ తీసుకునేవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కాలేయం సీఆర్‌పీ తయారు చేయాలంటే ఐఎల్-6 సిగ్నల్ కావాలి. ఆ సిగ్నల్‌ను మందు మూసేస్తుంది కాబట్టి న్యుమోనియా ముదిరినా సీఆర్‌పీ మామూలుగా కనిపించవచ్చు. అలాంటి రోగికి దగ్గు, ఆయాసం ఉంటే రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఇప్పుడు ల్యాబ్ బల్ల దగ్గరికి. మొదట్లో చెప్పిన ప్రయోగంలో అతి పెద్ద ప్రమాదం ఇది: మొక్క సారంలోనే ఎల్‌పీఎస్ ఉండటం. ఆకులు, వేళ్ల మీద బ్యాక్టీరియా ఉంటుంది, దాని ఎల్‌పీఎస్ నీటి కషాయంలోకి దిగుతుంది. మరిగిస్తే పోదు, ఆటోక్లేవ్‌కూ నమ్మకంగా పోదు. గాజుసామాను మీద దాన్ని వదిలించాలంటే 250 డిగ్రీల పొడివేడిలో 30 నిమిషాలు ఉంచాలి. సారంతో కణాలను రాత్రంతా ఉంచి, పొద్దున ఎల్‌పీఎస్ ఇస్తే, సారంలోని కొద్దిపాటి ఎల్‌పీఎస్ అప్పటికే టాలరెన్స్ తెచ్చిపెట్టి ఉంటుంది. టీఎన్‌ఎఫ్ తగ్గుతుంది. పేపర్లో మొక్క పేరు పడుతుంది, పనిచేసింది మాత్రం దాని మీది మురికి. అందుకే సారం ఒక్కటే పోసిన గిన్నెలో 2 గంటలకూ 4 గంటలకూ టీఎన్‌ఎఫ్ కొలవాలి. అక్కడ కాస్తయినా లేస్తే అనుమానించాలి. ఎల్‌పీఎస్‌ను పట్టే ఎల్‌ఏఎల్ పరీక్ష చేయాలి, అయితే రంగున్న సారాలు ఆ పరీక్షను చెడగొడతాయి కాబట్టి తెలిసిన మోతాదు ఎల్‌పీఎస్‌ను సారంలో కలిపి, అంతే తిరిగి వస్తోందో లేదో చూసుకోవాలి. ఎల్‌పీఎస్‌ను పట్టేసి పనిచేయనీయని పాలిమిక్సిన్-బి మి.లీ.కు 10 మైక్రోగ్రాములు వేసి మళ్లీ చూడాలి. సీ3హెచ్/హెచ్‌ఈజే ఎలుకల మాక్రోఫేజ్‌లు దొరికితే అంతకంటే మంచి కంట్రోల్ లేదు.

కణాలు: ఎలుక ఎముక మజ్జను, మాక్రోఫేజ్‌లుగా మార్చే ఎం-సీఎస్‌ఎఫ్ ప్రొటీన్ మి.లీ.కు 20 – 50 నానోగ్రాములతో, లేదా దాన్ని విడుదల చేసే ఎల్929 కణాల ద్రవంతో, 7 రోజులు పెంచాలి. ఎల్929 ద్రవం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మారుతుంది, కాబట్టి ఒక ప్రయోగమంతా ఒకే బ్యాచ్‌తో ముగించాలి. కణాల్లో కనిపించకుండా పెరిగే మైకోప్లాస్మా బ్యాక్టీరియా కోసం పరీక్ష క్రమం తప్పకుండా చేయాలి, ఎందుకంటే అది టీఎల్‌ఆర్2ను లేపి కణాలను మనకు తెలియకుండానే టాలరెన్స్‌లోకి నెడుతుంది. ఎల్‌పీఎస్ మి.లీ.కు 10 – 100 నానోగ్రాములు చాలు, మైక్రోగ్రాము పోసేవాళ్లు ఎందుకు పోస్తారో నాకు అర్థం కాదు. స్టాక్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుంటుంది, తీసే ముందు బాగా వోర్టెక్స్ చేయాలి. సీరం లేని మీడియంలో ఎల్‌బీపీ ఉండదు, చిన్న మోతాదులకు స్పందన పడిపోతుంది. సారాన్ని కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు, ఎక్కువైతే అదే టీఎన్‌ఎఫ్‌ను తగ్గిస్తుంది.

బతికున్న కణాల లెక్కకు ఎంటీటీ అనే రంగు పరీక్ష ఒక్కటే నమ్మొద్దు. మొక్కల్లోని పాలిఫినాల్స్ కణాలతో పనిలేకుండానే ఎంటీటీ రంగును మార్చేస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కణాలు లేని గిన్నెలో సారం, ఎంటీటీ కలిపి చూస్తే అయిదు నిమిషాల్లో సంగతి బయటపడుతుంది. పక్కన, చచ్చిన కణాల నుంచి కారే ఎల్‌డీహెచ్ కొలవాలి. పసుపులోని కర్క్యుమిన్ విషయంలో మరీ జాగ్రత్త: దాని రంగు, మెరుపు, ప్రొటీన్లకు అంటుకునే గుణం చాలా పరీక్షలను మోసగిస్తాయి. నైట్రైట్ కొలిచే గ్రీస్ పరీక్ష ఎలుక కణాలకు బాగానే ఉంటుంది కానీ మనిషి మాక్రోఫేజ్‌లు ఆ గిన్నెలో నైట్రిక్ ఆక్సైడ్ చాలా తక్కువ చేస్తాయి. ఎలుక ఆర్‌ఏడబ్ల్యూ 264.7 కణాల్లో నైట్రైట్ తగ్గిందని మనిషి కీళ్లనొప్పులకు ముడిపెట్టడం దూకుడు. ఇక ఎం1 (వాపు పెంచేవి), ఎం2 (తగ్గించేవి) అని కణాలను రెండు గూళ్లలో పడేయడం మానేసి, ఏది ఇచ్చాం, ఎన్ని గంటలకు చూశాం అని రాస్తే చాలు.

వాపును పెంచే మరో ప్రొటీన్ ఐఎల్-1 బీటాను కొలిచేవాళ్లు ఇంకాస్త ఆగాలి. ఎల్‌పీఎస్ ఒక్కటే ఇస్తే ఎలుక మాక్రోఫేజ్ 31 కిలోడాల్టన్ల ముడి రూపం తయారు చేసి లోపలే ఉంచుకుంటుంది. ఆ ముడి రూపాన్ని కోయించే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ (ప్రొటీన్ల గుంపు) లేవాలంటే రెండో సిగ్నల్ కావాలి: ఏటీపీ 5 మిల్లీమోలార్ అరగంట, లేదా నైజెరిసిన్ 10 మైక్రోమోలార్ 30 – 60 నిమిషాలు. అప్పుడు కణంలోంచి పొటాషియం బయటికి పోయి, కాస్పేజ్-1 లేచి ముడి రూపాన్ని 17 కిలోడాల్టన్లకు కోస్తుంది, గ్యాస్‌డెర్మిన్-డిని కోసి పొరకు చిల్లులు పొడిపిస్తుంది. ప్రొటీన్‌ను కొలిచే ఎలైజా కిట్లు చాలావరకు ముడి రూపాన్నీ కోసిన రూపాన్నీ కలిపి చూపిస్తాయి, చచ్చిన కణాల నుంచి కారిన ముడి రూపం అసలు ఫలితంలా కనిపిస్తుంది. ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్‌లో 17 కిలోడాల్టన్ల గీత చూడనిదే ఇన్‌ఫ్లమసోమ్ అనే మాట రాయకూడదు. మొదటి ఎల్‌పీఎస్ 3 – 4 గంటలే ఇవ్వాలి. రాత్రంతా వదిలేస్తే ఈలోపు వచ్చిన ఐఎల్-10 ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ను అణచేస్తుంది, రెండో సిగ్నల్‌కు ఏమీ రాదు, అది సారం గొప్పతనమని పొరబడతాం.

సమయాలు: 0, 15, 30, 60, 120 నిమిషాలకు ఐ-కప్పా-బి-ఆల్ఫా, ఫాస్ఫో-పీ38. 1, 2, 4, 8, 24 గంటలకు టీఎన్‌ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-10. టీఎన్‌ఎఫ్ ఎలైజాకు పైద్రవాన్ని 10 నుంచి 50 రెట్లు పలచన చేయాలి, లేకపోతే స్టాండర్డ్ గీత దాటిపోయి తేడాలన్నీ చదునైపోతాయి. 30వ నిమిషానికి ఐ-కప్పా-బి-ఆల్ఫా ముక్కలవకపోతే సారం మొదటి మెట్టునే అడ్డుకుంది. ముక్కలై, గంటకు తిరిగి వచ్చి, అయినా టీఎన్‌ఎఫ్ తక్కువుంటే ఎంఆర్‌ఎన్‌ఏ నిలకడ చూడాలి: ఎల్‌పీఎస్ ఇచ్చిన గంటకు, కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే ఆక్టినోమైసిన్-డి మి.లీ.కు 5 మైక్రోగ్రాములు వేసి, 0, 15, 30, 60, 90 నిమిషాలకు టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత మిగిలిందో కొలవాలి. ఆక్టినోమైసిన్ వేశాక కొత్త టీటీపీ కూడా తయారవదు కాబట్టి మరీ ముందుగా వేస్తే అర్ధాయువు ఎక్కువగా కనిపిస్తుంది.

చివరిగా రెండు గిన్నెలు అదనంగా పెట్టాలి. ఒకదానిలో సారాన్ని ఎల్‌పీఎస్‌కు ముందు కాకుండా 2 గంటల తర్వాత వేయాలి, రోగి మందు మింగేది వాపు మొదలయ్యాకే కాబట్టి. ఇంకోదానిలో ఐఎల్-10 రిసెప్టర్‌ను అడ్డుకునే యాంటీబాడీ మి.లీ.కు 10 మైక్రోగ్రాములు వేయాలి, పక్కన ఐసోటైప్ కంట్రోల్ (దేన్నీ అడ్డుకోని అదే రకం యాంటీబాడీ) ఉంచాలి. ఆ యాంటీబాడీ ఉన్నప్పుడు సారం ప్రభావం మాయమైతే, అది టీఎన్‌ఎఫ్‌ను నేరుగా ఆపడం లేదు, కణం సొంత బ్రేకును ముందుకు జరిపింది. అప్పుడు అదే సారం క్షయ క్రిమి ఉన్న మాక్రోఫేజ్‌లో ఏం చేస్తుందో కూడా చూసి తీరాలి, ఎందుకంటే అక్కడ ఐఎల్-10 పెరగడం క్రిమికే కలిసొస్తుంది.